ఉమ్మడి ఆవిడ

తాక్ గ్వాంగ్‌సిక్ గారితో వచ్చిన చిక్కల్లా ఆయన తప్పు చెయ్యకపోవడమే. తాగొచ్చే మొగుడైతే ఇరుగుపొరుగుతో చెప్పుకుని కళ్ళొత్తుకోవచ్చు. పేకాడే మొగుడైతే పుట్టింటివాళ్ళను పిలిపించి పంచాయితీ పెట్టించవచ్చు. జన్మలో తప్పు చెయ్యని మొగుడి మీద ఎవరికి ఫిర్యాదు చెయ్యాలో పెళ్ళయిన దగ్గర్నుంచీ పిల్‌సున్‌కు బోధపడలేదు.

బస్సు తప్పిపోతే బస్సు తొందరపడిందనేవారు. కాఫీలో పంచదారనుకుని ఉప్పు వేసుకున్న రోజున కప్పు అడుగంటా తాగి, ఎండాకాలం ఒంట్లో ఉప్పు తగ్గకూడదని డాక్టర్లే చెబుతున్నారన్నారు. ఒక ఏడాది చూసక్ పండక్కి ముందు పెద్దల సమాధుల మీద గడ్డి కొయ్యడానికి కొండెక్కి, పొద్దున్నుంచీ చెమటోడ్చి, ఎవరో పరాయివాళ్ళ తాతగారి సమాధిని అద్దంలా శుభ్రం చేసి, సారా పోసి సాగిలపడ్డారు. పిల్‌సున్ రాతి మీద పేరు చూపిస్తే, "తెలుసోయ్. పాపం ఈయనకెవరూ రావడం లేదని చేశాను" అన్నారు. అప్పటికి ఆ తాతగారి మనవలు కొడవళ్ళు పట్టుకుని వెనకే నిలబడి ఉన్నారు.

మున్‌గోక్ మిడిల్ స్కూలుకు ఆయన వైస్ ప్రిన్సిపాల్. వచ్చే ఫిబ్రవరిలో రిటైరవుతారు. ఆ జులైలో రకరకాల దేశాల నుంచి కొందరు పంతుళ్ళూ పంతులమ్మలూ ఆ బడినీ, ఊరి చివర కొండ కింద ఉన్న పాతకాలపు గురుకులాన్నీ చూడ్డానికి వస్తున్నారని కబురొచ్చింది. జిల్లా ఆఫీసువాళ్ళు దుబాసీని పంపిస్తామన్నారు.

"దుబాసీ ఎందుకు, దండగ! నేను లేనా?" అన్నారు గ్వాంగ్‌సిక్.

ఆయన లెక్కల మాస్టారు. ఇంగ్లీషు కూడా లెక్కలాంటిదేనని ఆయన నమ్మకం. మన మాట ఒక్కొక్కటే తీసేసి దాని చోట ఇంగ్లీషు మాట పెట్టుకుంటూ పోతే చివరికి రెండు వైపులా సమానమైపోతుంది. పిల్‌సున్ దేగూ కాలేజీలో చదివింది ఇంగ్లీషే. అలా కాదండీ అని కొత్త కాపురంలో ఒకసారి అనబోతే, "నువ్వు చదివింది కవిత్వం. నేను మాట్లాడేది అవసరం" అన్నారు. అవసరం ముందు కవిత్వం నోరు మూసుకుంది.

అసలు సంగతి వేరే ఉంది. పోయిన చలికాలమంతా పిల్‌సున్ శనివారం శనివారం జిల్లా ఆఫీసుకు వెళ్ళి, గురుకులం చూడవచ్చేవాళ్ళకు ఆ చోటి కథలూ గాథలూ వివరించే పనిలో శిక్షణ తీసుకుంది. పరదేశీలకు చెప్పగలిగిన మనిషి ఒకరు కావాలి. ఉన్నది ఒకటే ఖాళీ. కూతురు సరీన్ పెళ్ళి చేసుకుని బుసాన్ వెళ్ళిపోయాక, పిల్‌సున్ ఇంతగా కోరుకున్నది మరొకటి లేదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు కిమ్చీ పచ్చడి నిలవచేసే ఫ్రిజ్ ముందు నిలబడి దానికి గురుకులం చరిత్రంతా ఇంగ్లీషులో అప్పజెప్పేది. ఆ ఫ్రిజ్ ఎప్పుడూ అడ్డు చెప్పలేదు.

ఆ ఉద్యోగం ఇచ్చే ఆఫీసరు ప్యో సాన్‌హ్యక్. గ్వాంగ్‌సిక్ దగ్గర ఎక్కాలు నేర్చుకున్నవాడు. పది రోజుల కిందట, పిల్‌సున్ సంతకు వెళ్ళిన వేళ అతను ఇంటికి ఫోన్ చేశాడు. గ్వాంగ్‌సిక్ ఎత్తారు. ఏం మాట్లాడారో ఆయనే భోజనాల దగ్గర, బహుమతి తెచ్చినవాడి మొహం పెట్టుకుని చెప్పారు.

"సాన్‌హ్యక్ చేశాడోయ్. నిన్ను వేసుకుంటానన్నాడు. మా ఆవిడకి నలుగురిలో నోరు పెగలదు, ఏదో కాలక్షేపానికి వచ్చింది, వదిలెయ్యవయ్యా అని నేనే చెప్పేశాను. ఎండలో నిలబడి అరవలేక చస్తావు."

పిల్‌సున్ గరిటె పులుసు గిన్నెలో వదిలేసింది. "నన్నొక మాట అడగొద్దా?"

"అడిగితే మొహమాటానికి సరేనంటావు. నీ సంగతి నాకు తెలీదూ?"

మర్నాడు పిల్‌సున్ తనే ఫోన్ చేసింది. అవతల సాన్‌హ్యక్ నలిగిపోయాడు. "అమ్మగారూ, మాస్టారు వద్దన్నారు కదండీ. ఆయన మాట కాదని మీ పేరు రాస్తే రేపు ఆయన మొహం ఎలా చూడమంటారు? ఆయన చేత ఒక్క మాట చెప్పించండి. పొరపాటున అన్నాను అంటే చాలు. ఆ విదేశీయులు వచ్చే రోజు సాయంత్రం లోపల నేను ఎవరో ఒకరి పేరు పంపించెయ్యాలి."

పొరపాటున అన్నాను అంటే చాలట! కొండని పక్కకు జరిపి ఇంత కాఫీ తాగి వెళ్ళండి అన్నంత తేలిగ్గా అన్నాడు. పిల్‌సున్ ఫోన్ పెట్టేసి ఫ్రిజ్ వైపు చూసింది.

విదేశీయులు వచ్చే రోజున ఆమెకు అప్పగించిన పని చిన్నదే. పండగ బట్టలు కట్టుకోవాలి. బియ్యప్పిండి మిఠాయిలూ బియ్యం పానకమూ చేసి తేవాలి. నిలబడి నవ్వాలి.

"మాట్లాడొద్దు. కంగారుపడతావు" అన్నారు గ్వాంగ్‌సిక్, టై సర్దుకుంటూ. పిల్‌సున్ నవ్వింది. అప్పుడే పని మొదలుపెట్టినట్టు.

బస్సు దిగినవాళ్ళు బడి గుమ్మంలోనే ఇరుక్కుపోయారు. లోపల తొడుక్కోమని పెట్టిన చెప్పులు వాళ్ళ పాదాలకు సగానికి వచ్చాయి. ఫిన్లాండ్ నుంచి వచ్చిన ఇంకెరి అనే ఆవిడ తలుపంత పొడుగు. మడమలు బయట పెట్టి, వేళ్ళతో చెప్పుల్ని కరిచి పట్టుకుని, మంచు మీద నడుస్తున్నట్టు జారుకుంటూ వచ్చింది. ఉరుగ్వే ఆయన ఒస్వాల్దోది బొద్దుమీసం. ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని సాక్సులతో నడిచాడు. పిల్లలు కిటికీలకు వేళ్ళాడుతూ తెలిసిన ఇంగ్లీషంతా విసిరారు. నీ వయసెంత? పెళ్ళయిందా? నీ రక్తం ఏ గ్రూపు? ఇంకెరి పాపం అన్నిటికీ నిలబడి జవాబు చెప్పింది. రక్తం గ్రూపును బట్టి మనిషి గుణం చెప్పే దేశం కనక, బి గ్రూపని తెలియగానే పిల్లలు ఓహో అని తలలూపారు.

సభలో గ్వాంగ్‌సిక్ లేచి మైకందుకున్నారు. బడి గురించి చెప్పినంతసేపూ అంకెలే గనక బాగానే నడిచింది. తర్వాత బల్ల మీది మిఠాయిల వైపు చెయ్యి చాపి, నిలబడి నవ్వుతున్న పిల్‌సున్‌ను చూపిస్తూ, "ఈమె అవర్ వైఫ్" అన్నారు. "మీ కోసం అవర్ వైఫ్ నిన్నంతా కష్టపడింది. అవర్ వైఫ్ చేతి వంట ఈ బడిలో అందరికీ ఇష్టం."

మా ఆవిడ అని మనసులో అనుకున్నది, ఇంగ్లీషులోకి ఎక్కి మనందరి ఆవిడై దిగింది. విదేశీయుల చేతుల్లో మిఠాయిలు నోటి దాకా వెళ్ళి ఆగాయి. వాళ్ళు పిల్‌సున్‌ను చూశారు. వరసగా కూర్చున్న పంతుళ్ళను చూశారు.

వెంటనే వ్యాయామం మాస్టారు లేచాడు. ముప్పై ఏళ్ళ బ్రహ్మచారి, మంచి పిల్లవాడు. తనూ ఒక ముక్క ఇంగ్లీషు మాట్లాడితే వైస్ ప్రిన్సిపాల్ గారు సంతోషిస్తారనుకున్నాడు. "నిజం! నాకు పెళ్ళి లేదు. కానీ మా వైస్ ప్రిన్సిపాల్ వైఫ్ ఉంది కనక నాకు దిగులు లేదు. చలికాలమంతా ఆవిడ కిమ్చీయే."

ఇంకెరి చేతిలోని మిఠాయి పళ్ళెంలోకి తిరిగి వెళ్ళిపోయింది.

పిల్‌సున్‌కు సంగతంతా కళ్ళకు కట్టింది. ఒక్క మాటలో సరిదిద్దవచ్చు. కానీ మాట్లాడొద్దన్నారు కదా. మొగుడి మాట జవదాటడం ఇన్నేళ్ళ తర్వాత ఎందుకని నవ్వుతూ నిలబడింది.

వరండాలో ఇంకెరి ఆమెను పక్కకు పిలిచింది. గొంతు తగ్గించి, చాలా మర్యాదగా అడిగింది. "క్షమించండి. ప్రతి దేశానికీ తన పద్ధతులుంటాయి, నేను తప్పు పట్టడం లేదు. మీరు... ఈ బడి మొత్తానికీ భార్యా?"

దిద్దడానికి దేవుడిచ్చిన అవకాశం. పిల్‌సున్ నోరు తెరిచింది. తెరిచాక దాంట్లోంచి వచ్చింది వేరే మాట.

"పెళ్ళి ఒక్కరితోనే అయిందండీ. మిగతావాళ్ళు అన్నానికి మాత్రమే వస్తారు."

ఇంకెరి కళ్ళు చెమర్చాయి. పిల్‌సున్ చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. "మీరు చాలా ధైర్యవంతురాలు" అంది. తర్వాత తన వాళ్ళ దగ్గరకు జారుకుంటూ వెళ్ళి గుసగుసలాడింది. ఆ తర్వాత వాళ్ళంతా వరసబెట్టి వచ్చి పిల్‌సున్‌కు కాస్త ఎక్కువగానే వంగి నమస్కరించారు.

"చూశావా, నా ఉపన్యాసం పని చేసింది" అన్నారు గ్వాంగ్‌సిక్.

మధ్యాహ్నం గురుకులానికి వెళ్ళారు. అక్కడ సాన్‌హ్యక్ కలిశాడు. చొక్కా చెమటకు ఒంటికి అంటుకుపోయి ఉంది. మాస్టారికి వంగి దణ్ణం పెట్టి, పిల్‌సున్ వైపు తిరిగి, ఏమైనా అన్నారా అన్నట్టు కనుబొమలెగరేశాడు. పిల్‌సున్ లేదన్నట్టు తలూపింది. అతను వాచీ చూసుకుని నిట్టూర్చాడు.

గ్వాంగ్‌సిక్ భుజానికి మైకు తగిలించుకుని ముందు నడిచారు. గురుకులం గేటు పొట్టిది. చదువుకోవడానికి వచ్చినవాడు తల వంచి రావాలని అలా కట్టారు. ఆయన ఆ సంగతి ఇంగ్లీషులో చెప్పడం పూర్తయ్యేలోపు ఒస్వాల్దో నుదురు దూలానికి కొట్టుకుంది. లోపల చెక్క మండపంలో అందరూ చెప్పులు విప్పి కూర్చున్నారు. చెట్లనిండా ఈలపురుగులు చెవులు తూట్లు పడేలా అరుస్తున్నాయి. గ్వాంగ్‌సిక్ గురుకులం ఎప్పుడు కట్టారో, ఎన్ని స్తంభాలో, ఒక్కో స్తంభం ఎంత ఎత్తో చెప్పి, ప్రశ్నలుంటే అడగండన్నారు.

ఒస్వాల్దో నుదురు రుద్దుకుంటూ చెయ్యెత్తాడు. పొద్దుటి నుంచీ ఆ ప్రశ్న ఆయన్ని తింటున్నట్టుంది.

"ఇక్కడ భార్యను అందరూ పంచుకోవడానికి చట్టం ఒప్పుకుంటుందా?"

ఆ గోలలో గ్వాంగ్‌సిక్ చెవికి అందినవి మూడే మాటలు. చట్టం, భార్య, పంచుకోవడం. మిగతావి ఆయన లెక్క కట్టి పూరించుకున్నారు. ఇంటి పని భార్యతో పంచుకోవడం గురించి అడుగుతున్నాడు, పాశ్చాత్యుడు కదా! ఈ దేశం వెనకబడి ఉందనుకుంటున్నాడు. ఆయన ఛాతీ పొంగింది.

"ఎందుకొప్పుకోదు! బ్రహ్మాండంగా ఒప్పుకుంటుంది. ప్రభుత్వమే ప్రోత్సహిస్తోంది. మా బడిలో అందరం పంచుకుంటాం. వ్యాయామం మాస్టారికి పెళ్ళి కాలేదు, అయినా నేర్చుకుంటున్నాడు. కొత్తగా చేరినవాళ్ళకు మొదటి రోజే చెబుతాం."



"మీకు... బాధగా ఉండదా?" అన్నాడు ఒస్వాల్దో.

"మొదట్లో కష్టంగా ఉండేది. మగవాణ్ణి కదా! ఇప్పుడు అలవాటైంది."

"మరి ఆవిడకు?"

"ఆవిడకేం, సంతోషం! భారం తగ్గింది కదా."

సాన్‌హ్యక్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఇంకెరి లేచి నిలబడింది. ఆ నిలబడిన తీరు చూస్తే ఏదో రాయబార కార్యాలయానికి ఫోన్ చేసేలాగే ఉంది. సరదా చాలు అనుకుంది పిల్‌సున్. పానకం కూజా పక్కన పెట్టేసి, బట్టలు ఎత్తి పట్టుకుని ముందుకు వచ్చి గట్టిగా అంది.

"ఆగండాగండి! అదేం లేదు! అవర్ హస్బెండ్ పొరబడ్డారు!"



"అయ్యో" అంది ఇంకెరి, కూలబడుతూ. "ఆయన కూడానా?"

తను ఏమన్నదో పిల్‌సున్ చెవులకు అప్పుడు చేరింది. కాలేజీ చదువు, చలికాలం శిక్షణ, ఫ్రిజ్ ముందు అప్పజెప్పిన పాఠాలు, అన్నీ ఒక్క మాటతో నేల మీద పడ్డాయి. ఆమెకు కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. నవ్వాపుకోలేక మండపం అంచున చతికిలపడింది. కళ్ళు తుడుచుకుని, అక్కడే కూర్చుని, చెప్పడం మొదలుపెట్టింది.

"మా భాషలో 'నా' అనడానికి నోరు రాదండీ. అందరి మధ్యా పెట్టిన గిన్నెను ఒక్కరే తమ వైపు లాక్కున్నట్టుంటుంది. ఒక్కతే పుట్టిన పిల్ల కూడా మా అమ్మ అంటుంది. ఒంటరిగా ఉండే ముసలాయన కూడా మా ఇంటికి రండి అంటాడు. ఆ 'మా'లో ఇంకెవరూ ఉండరు. కానీ ఎవరైనా వస్తారేమోనని కాస్త చోటు ఉంచుతాం. ఈయన నా ఒక్కదాని మొగుడే. పంచి ఇవ్వడానికి నాకేం అభ్యంతరం లేదు. తీసుకున్నవాళ్ళు సాయంత్రానికి తెచ్చి దింపేస్తారని భయం."

మొదట ఒస్వాల్దో మీసం వణికింది. తర్వాత మండపమంతా ఊగింది. ఇంకెరి నవ్వీ నవ్వీ స్తంభానికి చేరగిలబడింది. వరండాలో తను పిల్‌సున్‌కు ధైర్యం చెప్పిన సంగతి తలుచుకుని మళ్ళీ మొదటి నుంచి నవ్వింది.

ఇక పిల్‌సున్ ఆగలేదు. ఆ నవ్వు చల్లారకముందే వాళ్ళను లేవదీసి వెనక గోడ దగ్గరకు తీసుకెళ్ళింది. గోడ అక్కడ మాత్రం ఎందుకు కుంగిందో చూపించింది. లోపల చదువుకునే కుర్రాళ్ళకు బయటి తిండి తినే అనుమతి లేదు. అమ్మలు ఈ మూల నుంచే మిఠాయి మూటలు అందించేవారు. అటు అమ్మలు, ఇటు కొడుకులు ఆనీ ఆనీ గోడ పెంకులు జారిపోయాయి. గురువుగారికి తెలుసు. పెంకులు వేయించమని ఎవరైనా అంటే, వానాకాలం పోనీ అనేవారట. ఎన్ని వానాకాలాలు పోయినా వేయించలేదు. విదేశీ పంతుళ్ళందరూ తమ తమ బళ్ళ గోడలు గుర్తొచ్చినట్టు ఆ పల్లపు చోటును చేత్తో తడిమి చూశారు. ఒకరు అడిగితే పిల్‌సున్ ఇంకొకటి చెప్పింది. దానికి ఇంకొకరు అడిగారు.

వాళ్ళు పానకం గ్లాసులతో చెట్ల కింద చెదిరిపోయాక, గ్వాంగ్‌సిక్ మండపం మెట్టు మీద కూర్చుని ఉన్నారు. మైకు ఒళ్ళో ఉంది. సాన్‌హ్యక్ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఆ మీసాలవాడు నన్ను అసలేం అడిగాడురా?"

"వద్దులెండి మాస్టారూ."

"చెప్పరా!"

"మీ ఆవిణ్ణి అందరూ పంచుకుంటారా అని."

గ్వాంగ్‌సిక్ కాసేపు నేల చూశారు. "నేనేమన్నాను?"

"మొదట్లో కష్టంగా ఉండేదన్నారు."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అప్పుడే పిల్‌సున్ ఖాళీ కూజాతో అక్కడికొచ్చింది. "ఈ మైకు పాడైపోయింది" అన్నారాయన ఆమెను చూడగానే. "పైగా వాడి ఉచ్చారణ. నోట్లో మీసం పెట్టుకుని మాట్లాడితే ఎవరికి అర్థమవుతుంది?"

"ఆ గొడవ వదిలెయ్యండి" అంది పిల్‌సున్, పక్కన కూర్చుంటూ. "అందరి ముందూ అవర్ హస్బెండ్ అన్నది నేను కాదూ? దానికి దానికి చెల్లు. నేను అడిగేది ఫోను సంగతి."

"ఏ ఫోను?"

"నా నోటికి మీరు తాళం వేసిన ఫోను."

సాన్‌హ్యక్ ఉన్నట్టుండి తన బూట్ల మీద ఎనలేని ఆసక్తి కనబరిచాడు.

"నీ మంచికే కదోయ్" అన్నారు గ్వాంగ్‌సిక్. గొంతులో పొద్దుటి బిగువు లేదు.

"మంచో చెడో నన్ను అడిగితే తెలిసేది. కూర కొనేముందు నన్ను అడుగుతారు. టై ఏ రంగుదని అడుగుతారు. నాకేం కావాలో మాత్రం మీరే లెక్క కట్టేసుకున్నారు. ఇందాక ఆ ఉరుగ్వే ఆయన ప్రశ్న పూరించుకున్నారే, అలాగే."

 చెట్ల కింద ఇంకెరి ఎవరికో కుంగిన గోడ చూపిస్తూ, మూట అందిస్తున్నట్టు చేతులు చాపుతోంది. గ్వాంగ్‌సిక్ అటే చూస్తూ కూర్చున్నారు.

"ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగాను" అన్నారు చివరికి. "ఆ గోడ కుంగిందని తెలుసు. అమ్మల సంగతి తెలీదు. నువ్వు చెబుతుంటే, మా అమ్మ అక్కడ నిలబడిందేమోనని తొంగి చూశాను."

 ఇప్పుడు తను నోరు విప్పితే ఆయన మళ్ళీ నెపం మైకు మీదకు నెట్టేస్తారని పిల్‌సున్‌కు తెలుసు. సాన్‌హ్యక్ బూట్లు వదిలి వాచీ చూసుకున్నాడు. "మాస్టారూ, ఆఫీసు మూసే వేళ అవుతోంది. ఎవరో ఒకరి పేరు..."

గ్వాంగ్‌సిక్ లేచారు. టై సర్దుకున్నారు. గొంతు సవరించుకున్నారు. పెదాలు కదిలాయి. సరిగ్గా అప్పుడే చెట్టు మీది ఈలపురుగులన్నీ ఒక్కసారి లంకించుకున్నాయి.

"ఏంటండీ మాస్టారూ?" అన్నాడు సాన్‌హ్యక్, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

పెదాలు మళ్ళీ కదిలాయి. ఈసారి కాస్త ఎక్కువసేపే కదిలాయి. పురుగులు ఆపలేదు.

"వినపడలేదండీ!"

గ్వాంగ్‌సిక్ పురుగుల్ని చూశారు. శిష్యుణ్ణి చూశారు. పెళ్ళాం వైపు చూడకుండా, బడి మైదానంలో ఆ చివరి పిల్లవాడిని పిలిచే గొంతుతో, విదేశీయులంతా గ్లాసులు పట్టుకుని ఇటు తిరిగిపోయేటట్టు అరిచారు.

"నాది తప్పురా! ఆ రోజు ఫోన్లో తప్పు చెప్పాను! ఆవిణ్ణి అడగలేదు, నా అంతట నేనే చెప్పేశాను! నాదే తప్పు!"